ముందు లైన్ కలవనీ

అమ్మ మాట్లాడి రెండు రోజులైంది. కళ్లు మూసుకునే ఉంది, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. పిలిస్తే కనురెప్ప కాస్త కదిలేది, అంతే. ఆ రాత్రి అక్కా నేనూ మంచానికి చెరో పక్కా కూర్చున్నాం. ప్రార్థన చదువుదామంది అక్క. అమ్మకి వినపడాలి కదా అని నేను వంగి, నోరు ఆవిడ చెవి దగ్గర పెట్టి మొదలుపెట్టాను. చెవి మిషన్ ఒక్కసారి కీచుమంది. ఆ మిషన్లకి మరీ దగ్గరగా ఏదైనా వస్తే అంతే, దాని శబ్దం మళ్లీ దానిలోకే పోయి ఈల వేస్తుంది. ఉలిక్కిపడి వెనక్కి జరిగాను. మళ్లీ వంగాను, మళ్లీ కీచు. మూడోసారికి అమ్మ కళ్లు తెరవకుండానే అంది: "ముందు లైన్ కలవనీవే. దేవుడితో తర్వాత మాట్లాడదువుగాని."

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ లాభం లేకపోయింది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా, మంచం పట్టీ పట్టుకుని. అమ్మ పెదవి ఒక పక్క కొంచెం లేచింది. ఏమైందోనని నర్సు తొంగి చూసింది. ఆవిడ వెనకాలే, చూడ్డానికి వచ్చిన బంధువొకాయన గుమ్మంలో ఆగిపోయారు. వేరే గదికి వచ్చానా అన్నట్టుంది ఆయన మొహం. మేం ఠక్కున నవ్వాపేశాం, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు.

పదకొండు రోజుల తర్వాత అమ్మ పోయింది. ఆ రోజు నవ్వినందుకు నాకేం బాధ లేదు. ఆయన్ని చూసి ఆపేశామే, అది మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎందుకాపాం? ఎవరు పెట్టారు ఈ రూలు?

కష్టం, నమ్మకం, సంతోషం, ఈ మూడింటినీ మనం క్యూలో నిలబెడతాం. ముందు కష్టం రావాలి. అది వచ్చినన్నాళ్లూ నమ్మకంతో పళ్లబిగువున భరించాలి. గట్టెక్కాక సంతోషం, అదీ జీతంలాగా, పని పూర్తయ్యాకే. మధ్యలో నవ్వితే అడ్వాన్సు తీసుకున్నట్టు. కానీ కష్టంలో ఉన్న ఇంటికి దగ్గరగా వెళ్లి చూస్తే ఈ క్యూ ఎక్కడా కనిపించదు. మూడూ ఒకే గదిలో, ఒకే మంచం మీద, ఒకరి మీద ఒకరు కాళ్లు వేసుకుని పడుకునుంటాయి.

ఇది నా ఒక్కదాని గోల కాదని చాలా రోజులకి తెలిసింది. 1990లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో సుసాన్ ఫోక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం, ఎయిడ్స్‌తో ఉన్న మగవాళ్లకి సేవ చేస్తున్న వాళ్ల భాగస్వాములను పదే పదే కలిసి మాట్లాడుతూ వచ్చింది. ఆ జబ్బు వస్తే ఇక అంతే అనుకునే రోజులవి. అడిగే ప్రశ్నలన్నీ దిగులు గురించీ టెన్షన్ గురించీ. మొదట్లోనే ఆ సేవ చేసేవాళ్లే నిలదీశారు: ఎంతసేపూ మా బాధ గురించే అడుగుతారేం, మంచి సంగతులు కూడా జరుగుతున్నాయి, అవి అడగరా? దాంతో ఆ ప్రశ్న కూడా చేర్చారు. మీకు బాగుందనిపించిన సంగతి, ఆ రోజు గడవడానికి ఆసరా అయిన సంగతి ఏదైనా ఉంటే చెప్పండి అని. దాదాపు అందరి దగ్గరా ఏదో ఒకటి ఉంది. అవన్నీ చిన్న చిన్నవే. ఒక పూట రోగి హాయిగా నిద్రపోవడం, ఎవరో ఒక మంచి మాట అనడం. 1997లో ఆవిడ రాసిన వ్యాసంలో నన్ను పట్టుకున్న విషయం, వాళ్ల దిగులు తగ్గలేదు. దిగులు దిగులుగానే ఉంది, చాలా ఎక్కువగా ఉంది. దాని పక్కనే సంతోషమూ ఉంది. ఒకటి వస్తే రెండోది లేచి వెళ్లిపోవాలని ఏం లేదు.

అదే ఏడాది డాకర్ కెల్ట్‌నర్, జార్జ్ బొనానో అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో పని చేశారు. భర్తనో భార్యనో పోగొట్టుకుని ఆరు నెలలైనవాళ్లు ఆ పోయిన మనిషి గురించి మాట్లాడుతుంటే వాళ్ల మొహాలు గమనించారు. చాలామంది మధ్యమధ్యలో నవ్వారట. మర్యాద కోసం పెదాలు సాగదీసే నవ్వు కాదు, కళ్ల చివర ముడతలు పడే అసలు నవ్వు. అలా నవ్వినవాళ్లలో కోపమూ వేదనా కొంత తక్కువగా కనిపించాయి. నవ్వడం వల్ల తగ్గిందా, తగ్గింది కాబట్టి నవ్వగలిగారా అంటే, ఆ తగువు వాళ్లు తేల్చుకుంటారు. నాకు మాత్రం ఆ వ్యాసం గుమ్మంలో ఆగిపోయిన బంధువుగారికి పంపాలనిపించింది. పంపలేదు లెండి.

సరే, నవ్వు సంగతి అలా ఉంచితే, నమ్మకం మాటేమిటి? కష్టంలో నమ్మకం అంటే మన మనసులో ఒక బొమ్మ ఉంటుంది: చేతులు జోడించి, కళ్లు మూసుకుని, మొహం ప్రశాంతంగా. ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, మన భాషలో భక్తికి పెట్టింది పేరైనవాళ్లలో మాత్రం నాకు అది కనిపించదు.

రామదాసునే చూడండి. ఈ కంచర్ల గోపన్న 17వ శతాబ్దం మనిషి, తహసీల్దారు ఉద్యోగం. ఖజానాకి కట్టాల్సిన సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని గోల్కొండలో తానీషా చెరలో వేయించాడు. 12 ఏళ్లంటారు. ఆ చెరసాల నుంచి పుట్టాయని చెప్పుకునే పాటల్లో ఆయన రాముడికి అక్షరాలా బిల్లు చదువుతాడు. ఎవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎన్ని వరహాలు పట్టాయో లెక్క చెప్తాడు. ఆ డబ్బు మీ నాన్న ఇచ్చాడా, మీ మామ పంపాడా అని కడిగేస్తాడు. అంతా అయ్యాక, అయ్యో తిట్టానని బాధపడకు, దెబ్బలకి ఓర్చుకోలేక అలా అన్నాను అంటాడు. మన వేదికల మీద ఈ పాటల్ని తాళం తప్పకుండా, మైకు సరిచేసుకుని, ఎంత కమ్మగా పాడతామంటే, ఇవి దెబ్బలు తిన్నవాడి మాటలన్న సంగతే మర్చిపోతాం. మన ఇంట్లో ఎవరైనా కష్టంలో ఉండి దేవుణ్ణి అలా ఒక్క మాటంటే మాత్రం ఊరుకోం. అక్క ఒకరోజు కారిడార్‌లో "అసలు దేవుడున్నాడా?" అంది. పక్కనున్న పెద్దావిడ వెంటనే "అపచారం, అలా అనకూడదమ్మా" అన్నారు. రామదాసు కీర్తనలు ఆవిడకి నోటికి వచ్చు.

అక్క అడిగిన ప్రశ్న కొత్తది కూడా కాదు. పోతన దాన్ని ఏనుగు నోట పెట్టాడు. ఉన్నాడు ఉన్నాడంటారే, ఆయన అసలు ఉన్నాడో లేడో అని మొసలి నోట్లో కాలున్న గజేంద్రుడు అనుమానపడతాడు. స్కూల్లో మార్కుల కోసం ఆ పద్యాన్ని బట్టీ పట్టినప్పుడు చివరి మాట మీద నేను ఎప్పుడూ ఆగలేదు. హాస్పిటల్ కుర్చీలో కూర్చున్నప్పుడు అక్కడే ఆగిపోయాను. పోతన భక్తుడే కదా, ఆ మాట తీసేసి ఇంకేదైనా రాయలేకపోయాడా? తీసెయ్యలేదు. ఆ తర్వాత ఆ దేవుడు కూడా, నన్ను అనుమానించావు గనక రాను పో అనలేదు. భార్యకి చెప్పకుండా, చేతిలోకి ఆయుధం తీసుకోకుండా ఉన్నపళంగా బయల్దేరాడు. నమ్మకం అంటే అనుమానం లేకపోవడమని మనకి ఎవరు నేర్పారో గానీ, పోతన మాత్రం నేర్పలేదు.

ఇక సలహాల దగ్గరికి వద్దాం. దీని మీద నాకు కాస్త ఎక్కువే కోపం ఉంది, ముందే చెప్పేస్తున్నా.

అమ్మ మంచాన పడిన ఆ రెండు నెలల్లో మాకు వచ్చిన మాటలు: అంతా మన మంచికే. తట్టుకోగలిగినవాళ్లకే దేవుడు కష్టాలిస్తాడు. పోయిన జన్మలో ఏం చేశామో. పాజిటివ్‌గా ఆలోచించండి, అంతా మైండ్‌లోనే ఉంటుంది. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు, అందరూ మా మీద ప్రేమతోనే వచ్చారు. కానీ ఒక్కో మాటా విన్నాక అక్క, నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. బుద్ధుడు రెండు బాణాల పోలిక ఒకటి చెప్పాడు. ఒంటికి తగిలే నొప్పి మొదటి బాణం, దాన్ని తల్చుకుని కుమిలిపోవడం రెండోది. ఆ రెండో బాణం మనకి మనమే వేసుకుంటాం అని ఆయన ఉద్దేశం. మన చుట్టాలు మనకి ఆ శ్రమ కూడా లేకుండా చేస్తారు.

బైబిల్లో యోబు కథ చదివినవాళ్లకి ఈ చుట్టాలు బాగా పరిచయం. పిల్లలు పోయి, ఆస్తి పోయి, ఒళ్లంతా పుండ్లతో యోబు బూడిదలో కూర్చుంటే స్నేహితులు ముగ్గురు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట లేకుండా. అక్కడితో ఆగి ఉంటే వాళ్లంత గొప్ప స్నేహితులు ఉండేవారు కాదు. ఆ తర్వాత నోరు విప్పారు. నువ్వేదో తప్పు చేసుంటావు, లేకపోతే ఇలా ఎందుకవుతుంది అన్నారు. యోబు వాళ్లతో వాదిస్తాడు, దేవుణ్ణి నిలదీస్తాడు, పుట్టిన రోజునే తిట్టుకుంటాడు. కథ చివర దేవుడు కోప్పడింది ఎవరి మీదనుకుంటున్నారు? తన తరఫున అన్ని మాటలు చెప్పిన ఆ స్నేహితుల మీద. నా గురించి యోబు మాట్లాడినట్టు మీరు సరిగ్గా మాట్లాడలేదు అని.

ఇలా అంటే ఎవరో ఒకరు కుంతిని తీసుకొస్తారు. భాగవతంలో ఆవిడ కృష్ణుణ్ణి మాకు మళ్లీ మళ్లీ ఆపదలు రానీ, అప్పుడే కదా నువ్వు కనిపిస్తావు అని అడుగుతుంది. నిజమే, గొప్ప ప్రార్థన. లక్క ఇల్లు, అడవులు, యుద్ధం, అన్నీ దాటొచ్చాక అడిగిన ప్రార్థన. ఆవిడ అడిగింది తన కోసం, పక్కింటావిడ కోసం కాదు. నా కష్టంలో నాకు అర్థం దొరికితే అది నాది, పదిమందికీ చెప్పుకుంటాను. నా కష్టానికి మీరు అర్థం తెచ్చి నా ఒళ్లో పెడితే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు.

మాకు వచ్చిన అసలు సాయం ఎవరి నుంచో తెలుసా? అక్క స్నేహితురాలు ఒకావిడ. ఒక సాయంత్రం వచ్చి, నా చేతిలో ఆగకుండా మోగుతున్న ఫోన్ చూసి, "అది నాకిచ్చి నువ్వు లోపలికెళ్లు" అంది. కారిడార్‌లో కూర్చుని గంటన్నరసేపు వచ్చిన ప్రతి ఫోన్‌కీ తనే జవాబు చెప్పింది. ఆ, అలాగే ఉందండీ. లేదండీ, ఇంకా ఏమీ చెప్పలేదు. తప్పకుండా చెప్తానండీ. తర్వాత ఫోన్ నా చేతికిచ్చి, ఎవరెవరు చేశారో ఒక కాగితం మీద రాసిచ్చి వెళ్లిపోయింది. దేవుడి మాట ఒక్కటీ ఎత్తలేదు. ఆ గంటన్నర నేను అమ్మ పాదాలు ఒత్తుతూ కూర్చున్నాను. ఆ రెండు నెలల్లో నేను అచ్చంగా అమ్మతోనే ఉన్నది ఆ గంటన్నరే అనిపిస్తుంది. అప్పుడు నాకు కలిగినదాన్ని సంతోషం అనొచ్చో లేదో తెలియదు, కానీ ఇంకో పేరు తట్టడం లేదు.

ఇంకో మాట, ఇది చెప్పకుండా ఊరుకోకూడదు. నమ్మకం ఉన్నవాళ్లు నొప్పి ఓర్చుకోవాలి, మత్తు మందులు తీసుకోకూడదు అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అమ్మే అనుకునేది. సిసిలీ సాండర్స్ అనే ఆవిడ సంగతి చెప్పి ఒప్పించాల్సి వచ్చింది. మొదట నర్సు, తర్వాత సోషల్ వర్కర్, ఆ పైన చదువుకుని డాక్టరు. గట్టి దైవభక్తి ఉన్న మనిషి. 1967లో లండన్‌లో ఆవిడ మొదలుపెట్టిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌తోనే చివరి రోజుల వైద్యం ఇప్పుడున్న రూపానికి వచ్చింది. రోగి నొప్పితో అల్లాడి అడిగేదాకా ఆగకుండా, మళ్లీ నొప్పి మొదలవకముందే టైము ప్రకారం మందు ఇవ్వాలి అనేది ఆవిడ పద్ధతి. నొప్పి అంటే ఒంటిదే కాదు, మనసుదీ, ఇంటి పరిస్థితులదీ, దేవుడితో ఉన్న లెక్కలదీ అన్నీ కలిసిందే మొత్తం నొప్పి అని చెప్పింది. దేవుణ్ణి అంతగా నమ్మిన మనిషి, నొప్పిని భరించమని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ ఆ రాత్రి జోకు వేసిందన్నాను కదా, ఆ మధ్యాహ్నమే డాక్టర్లు నొప్పి మందు మోతాదు సరిచేశారు. అంతకు ముందు రెండు రోజులూ ఆవిడ బలమంతా నొప్పికే సరిపోయింది. మాకూ అంతే. తిండీ నిద్రా లేక, బతకాలనే అనిపించక వారాలు గడిచిపోతుంటే అది భక్తి లోపం కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన పని. నేను వెళ్లాను, అమ్మ పోయిన నాలుగో నెలలో.

ఇంత చెప్పాను గానీ, నవ్వు రానివాళ్లూ, నమ్మకం చేతికందనివాళ్లూ ఉంటారు. వాళ్లకి నా దగ్గర చిట్కా ఏమీ లేదు. మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో బయటికొచ్చినప్పుడు చాలామంది కంగారుపడ్డారు. దేవుడు తనతో ఉన్నాడన్న అనుభూతే లేకుండా ఆవిడ దశాబ్దాలు గడిపిందని వాటిల్లో తెలిసింది. పేపర్లు ఆవిడ నమ్మకం కోల్పోయిందా అని రాశాయి. నాకైతే ఇంకోలా అనిపించింది. అనిపించకపోయినా రోజూ లేచి ఆ పని చేసుకుంటూ పోయిందే, దాన్నేమంటారు మరి?

అమ్మ పోయాక అక్క కొన్నాళ్లు అలాగే ఉంది. పొద్దున్నే కూర్చుని ప్రార్థన చదివేది, మొహంలో ఏమీ ఉండేది కాదు. ఒకరోజు అడిగాను, "నీకేమైనా అనిపిస్తోందా అక్కా?" అని.

"ఏమీ లేదే. రింగవుతోంది, ఎవరూ ఎత్తట్లేదు."

"మరి ఎందుకు చదువుతున్నావు?"

"కట్ చెయ్యబుద్ధి కావట్లేదు" అంది.

ఇది రాయడానికి కారణం, ఈ మధ్య మన సంఘంలో ఒక ఇంట్లో పెద్ద కష్టం వచ్చింది. గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి, నాదీ వాటిల్లో ఒకటి. వాటి కింద ఎవరో ధైర్యం చెప్పే సూక్తి ఒకటి పెట్టారు, దానికీ మళ్లీ బొమ్మలు. మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను, మంచి మంచి వాక్యాలు తట్టాయి కూడా. తలుపు తీసిన అమ్మాయి వెనకాల హాల్లోంచి నవ్వు వినిపించింది, పెద్దగా, గుక్క తిప్పుకోలేని నవ్వు. నన్ను చూడగానే ఆగిపోయింది. అందరూ సర్దుకుని కూర్చున్నారు.

ఇప్పుడు గుమ్మంలో నిలబడింది నేను. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. "ఎందుకు నవ్వుతున్నారో నాకూ చెప్పండి" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ ఇంటి పెద్దాయన చెప్పడం మొదలుపెట్టారు. పోయిన మనిషి ఒకసారి పెళ్లి హడావిడిలో వేరేవాళ్ల చెప్పులు వేసుకుని ఇంటికొచ్చేసిన కథ. చెప్తూ చెప్తూ మధ్యలో ఏడ్చేశారు. మళ్లీ చెప్పారు. దారిలో నాకు తట్టిన వాక్యాలు ఒక్కటీ వాడాల్సిన అవసరం రాలేదు.

మొన్న సొరుగు సర్దుతుంటే అమ్మ చెవి మిషన్ దొరికింది. హాస్పిటల్ వాళ్లు వస్తువులన్నీ వేసిచ్చిన కవర్లోనే ఉంది. పాత బ్యాటరీ తీసి కొత్తది వేశాను. వెయ్యడమైతే వేశాను గానీ ఏం చెయ్యాలో తోచక గుప్పిట్లో మూశాను. కీచుమంది. గుప్పిట తెరిస్తే ఆగింది, మూస్తే మళ్లీ కీచు. అక్కకి ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా గుప్పిట ఫోన్ దగ్గర పెట్టాను. అటు నుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత "లైన్ కలవనీవే" అంది, అచ్చం అమ్మ గొంతుతో.